మా అమ్మ ఎక్కిన లిఫ్టు

ఫ్లాటు కొన్న కొత్తలో ఎదురింటావిడ నన్ను అడిగిన మొదటి మాట, మీ సొంతూరు ఏది అని. విశాఖపట్నమే అన్నాను. "అంటే, అంతకుముందు?" అంది. అంతకుముందూ ఇక్కడేనండి, మా తాతల కాలం నుంచీ ఇక్కడే అన్నాను. ఆవిడ కాస్త ఆగి, "ఇక్కడంటే ఎక్కడ?" అంది. సముద్రం ఒడ్డున, జాలారిపేట అని చెప్పాను. "ఓహో" అంది. నవ్వుతూనే అంది. మా అమ్మాయికి ఫిజిక్స్ ట్యూషన్ ఎక్కడ బాగుంటుందో కూడా ఆ మాటల్లోనే చెప్పింది. అందుకని ఆ ఓహోని నేను అప్పట్లో పట్టించుకోలేదు.

అది గోపాలపట్నం దాటాక సింహాచలం కొండ కనిపించే ఒక లోపలి వీధిలో మామూలు అపార్ట్‌మెంట్. మాది మూడో అంతస్తు. నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పని చేస్తాను. ఓడల్లో దిగే సరుకుకి కస్టమ్స్ వాళ్ళకి చూపించాల్సిన కాగితాలు తయారు చేయడం నా పని. మా ఆయన అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరు. షిఫ్టుని బట్టి కంపెనీ బస్సులో పోయి వస్తాడు. అమ్మాయి అప్పుడు ఇంటర్ చదువుతోంది. మా ఇద్దరి చుట్టాల్లోనూ అపార్ట్‌మెంట్‌లో ఇల్లు కొన్నవాళ్ళం మేమే మొదలు.

ఒక సంగతి ముందే చెప్పాలి. అక్కడ ఎక్కువ మంది మాంసం తినేవాళ్ళే. ఆదివారం పొద్దున్న ఏ అంతస్తులో దిగినా మసాలా వేగుతున్న వాసన వచ్చేది. ఎదురింటావిడ రొయ్యల ఇగురు బాగా చేసేది. మంచి రొయ్యలు ఎక్కడ దొరుకుతాయని ఒకసారి నన్నే అడిగింది. వాళ్ళాయన ఇంకా మంచివాడు. లిఫ్టు చెడిపోయిన రోజు మా ఆయన డ్యూటీలో ఉంటే, గ్యాస్ సిలిండరు భుజాన వేసుకుని మూడు అంతస్తులూ ఎక్కి తెచ్చి పెట్టాడు. కాఫీ తాగి వెళ్ళండి అంటే, పక్కపక్కన ఉంటూ ఇవేం మర్యాదలమ్మా అన్నాడు.

మా అమ్మ చేపలు అమ్ముతుంది. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, బోట్లు ఒడ్డుకి చేరగానే జరిగే వేలంలో కొనుక్కుని, బేసిన్ నెత్తిన పెట్టుకుని కాలనీలు తిరుగుతుంది. నాన్న పోయాక తమ్ముడు మానేయమన్నాడు. మానేసి ఏం చేయాలిరా అంది. మేం ఫ్లాటులోకి వచ్చిన మరుసటి వానాకాలంలో, ఐసు కరిగిన నీళ్ళ మీద కాలు జారి పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. తొడ దాకా సిమెంటు కట్టు వేశారు. తమ్ముడి ఇల్లు మేడ మీద ఉంటుంది, మెట్లు నిటారుగా నిచ్చెనలా ఉంటాయి. మా ఇంటికి లిఫ్టు ఉంది. అందుకని ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాం.

ఆ రోజు లిఫ్టులో నేను, మా ఆయన, వాకరు పట్టుకుని అమ్మ. తలుపు మూసుకోబోతుంటే ఎదురింటావిడ కూరగాయల సంచితో వచ్చి ఎక్కింది. అమ్మని చూసింది. రెండు వైపులా ముక్కుపుడకలు, చేతుల మీద పచ్చబొట్లు, మోకాళ్ళ పైకి దోపిన చీర. అమ్మ ఆవిడని చూసి నవ్వింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మొదటి అంతస్తులో దిగిపోయింది. మేం మూడో అంతస్తులో దిగేసరికి ఆవిడ మెట్లెక్కుతున్న చెప్పుల చప్పుడు వినపడుతోంది.

"ఏటి, మజ్జిలో దిగిపోనాది?" అంది అమ్మ.

"కింద ఏదో పనుందేమోనే," అన్నాను.

అప్పటికి అమ్మ చాలా రోజులుగా ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఒంటి మీద మందుల వాసన తప్ప ఇంకో వాసన లేదు. చేపని ముట్టుకుని ఎన్నాళ్ళయిందో.

తర్వాత లిఫ్టులో అగరుబత్తి వెలిగించడం మొదలైంది. ఎవరు వెలిగిస్తున్నారో తెలియదు. అమ్మని డాక్టరుకి చూపించి తెచ్చాక ఓ పావుగంట ఆగి నేను కిందికి వెళ్తే, లిఫ్టు మూలన కడ్డీ కాలుతూ ఉండేది. ఒకరోజు మా గుమ్మం ముందు ఎవరో ఫినాయిలు చల్లారు. పనమ్మాయి చల్లిందేమో అనుకున్నాను. మర్నాడూ చల్లారు. మా గుమ్మం ముందే, ఇటు చివర నుంచి అటు చివర దాకా గీత గీసినట్టు. తర్వాత వాట్సాప్ గ్రూపులో, నీసు వాసన వచ్చే వస్తువులు లిఫ్టులో తేవద్దని ఒక మెసేజి వచ్చింది. కింద అందరూ దండాలు పెట్టే బొమ్మలు పెట్టారు. మా పేరు ఎక్కడా లేదు.

ఒక సాయంత్రం అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మా ఇంటికొచ్చారు. రిటైరైన పెద్దమనిషి, నెమ్మదైన గొంతు. సోఫాలో అంచున కూర్చున్నారు. గదిలో మంచం మీద ఉన్న అమ్మకి వినపడకూడదని మరీ నెమ్మదిగా మాట్లాడారు.

"చూడమ్మా, నాకు పర్సనల్‌గా ఏ పట్టింపులూ లేవు. నా స్నేహితుల్లో అన్ని రకాల వాళ్ళూ ఉన్నారు. కానీ పదిమంది ఉండేచోట పదిమంది ఇబ్బందీ చూడాలి కదా."

"ఇబ్బంది ఏంటండీ?"

"అదే, వాసన అంటున్నారు."

"ఇంట్లో చేపలు లేవండి. వండి కూడా చాలా రోజులైంది. మీరు చూడొచ్చు."

"అబ్బే, నేనెందుకు చూస్తానమ్మా. అమ్మగారికి లిఫ్టు ఎప్పుడు కావాలో ముందే గ్రూపులో పెట్టేస్తే, మిగతావాళ్ళు ఆ టైముకి వాడుకోరు. ఎవరికీ ఇబ్బంది ఉండదు. అంతే."

మా ఆయన లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏదైనా అంటాడేమోనని భయపడ్డాను. ప్రెసిడెంటు గారు లేచి, మీ ఇల్లు చాలా నీట్‌గా ఉందమ్మా అని చెప్పి వెళ్ళారు. మెచ్చుకోలుగానే అన్నారు.

ఆయన వెళ్ళాక గదిలోంచి అమ్మ, "ఏటంట?" అంది.

"మెయింటెనెన్స్ గురించి."

"ఊఁ," అంది.

గ్రూపులో అలాంటి మెసేజి నేనెప్పుడూ పెట్టలేదు. లిఫ్టులో అమ్మని తీసుకెళ్ళడం మానలేదు కూడా. కానీ ఇంట్లో చేపలు వండడం మానేశాం. ఎవరూ తీర్మానించలేదు. మా ఆయన తేవడం మానేశాడు, నేను అడగడం మానేశాను. అమ్మాయి లిఫ్టు వదిలేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఎందుకే అంటే లావవుతున్నాను అంది. అది చూస్తే కర్రపుల్లలా ఉంటుంది.

మొదట్లో నాకు కోపం వచ్చేది. ఆఫీసులో కూర్చుని, ఆవిడతో ఈ మాట అనాలి, ఈయనకి ఇలా చెప్పాలి అని మనసులోనే పెద్ద పెద్ద మాటలు కూర్చుకునేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ మాటలు గొంతులో ఉండేవి, ఎదురింటావిడ తలుపు మూసి ఉండేది. కొన్నాళ్ళకి మాటలు కూడా రావడం మానేశాయి. దంతాల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక బుగ్గ ఎలా ఉంటుందో అలా ఉండేది నాకు. ఉందని తెలుసు, తాకితే తెలియదు. అది ఓర్పు అని మా ఆయన అనుకున్నాడు. కాదు.

ఇంకొకటి కూడా జరిగింది. చేతులు వాసన చూసుకోవడం అలవాటైంది. బస్సెక్కే ముందు, ఆఫీసులో ఎవరికైనా ఫైలు అందించే ముందు, అరచేయి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. సబ్బు వాసనే వచ్చేది. అయినా నమ్మకం కుదిరేది కాదు, నా వాసన నాకు ఎలా తెలుస్తుంది అనిపించేది. పక్క సీటు అమ్మాయి, చేతికి దెబ్బేమైనా తగిలిందా మేడమ్ అని అడిగింది. లేదన్నాను.

అమ్మ కాలు కాస్త కుదుటపడ్డాక, వాకరుతో వరండాలో నాలుగడుగులు వేయమన్నాడు డాక్టరు. అమ్మ దాన్ని నాలుగు కాళ్ళ కర్ర అనేది. మధ్యాహ్నం పూట, అందరూ తలుపులు వేసుకున్నప్పుడు నడిచేది. నడిచాక దాన్ని గుమ్మం పక్కన చెప్పుల స్టాండుకి ఆనించి లోపలికి గోడ పట్టుకుని వచ్చేది. లోపల జాగా చాలక నేనే అక్కడ పెట్టమన్నాను. ఒకరోజు పొద్దున్న చూస్తే అది లేదు.

వాచ్‌మన్‌ని అడిగాను. తెల్దమ్మా అన్నాడు, మొహం చూడకుండా. సాయంత్రం మా ఆయన వెతికితే సెల్లార్‌లో జనరేటరు వెనక దొరికింది. ఎక్కడి నుంచో పారేసినట్టు ఒక కాలు వంగిపోయి ఉంది. దాని మీద ఫినాయిలు కూడా పోశారు. మా ఆయన దాన్ని పైకి తెచ్చి, కాలు సరిచేయాలని చాలాసేపు కూర్చున్నాడు. సుత్తితో కొడితే చప్పుడవుతుందని చేత్తోనే వంచడానికి ప్రయత్నించాడు. మన ఇంట్లో మనం సుత్తి కొట్టడానికి కూడా జంకుతున్నాం అని అప్పుడు నాకు తెలిసింది. తెలిసినా, లేచి సుత్తి తెచ్చి ఇవ్వలేదు.

అమ్మ మంచం మీద నుంచి అంతా చూసింది.

"బాబూ, ఒగ్గీ," అంది మా ఆయనతో. "నన్ను పేటలో దింపీండి. నాకిక్కడ గాలాడట్లేదు."

"కట్టు ఇప్పాక వెళ్దువుగానిలే అత్తా. ఆ మెట్లు ఎలాగెక్కుతావు?"

"కూకుని జరుక్కుంటా ఎక్కుతాను. నాకేటి సిగ్గా?"

కొత్త వాకరు కొంటానన్నాను. వద్దంది. ఎంత చెప్పినా వినలేదు. మూడో రోజుకి ఆటో పిలిపించుకుంది. వెళ్ళేటప్పుడు లిఫ్టు ముందు నిలబడి, "ఇందులో ఎక్కాలా?" అని అడిగింది. ఎక్కాలమ్మా అన్నాను. లోపల అద్దంలో తన మొహం చూసుకుని జుట్టు సర్దుకుంది. కిందికి దిగేదాకా ఎవరూ ఎక్కలేదు.

తమ్ముడింటి మెట్ల మీద ఎన్నిసార్లు దిగి ఎక్కిందో తెలియదు, ఎముక సరిగా అతుక్కోలేదు. మళ్ళీ విరిచి అతికించాలన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడు కుడికాలు కాస్త ఈడుస్తూ నడుస్తుంది. బేసిన్ నెత్తిన పెట్టుకుని కాలనీలు తిరగలేదు. హార్బర్ గేటు బయట ఒకచోట కూర్చుని అమ్ముతుంది.

అమ్మ వెళ్ళిపోయాక అగరుబత్తులు ఆగిపోయాయి. ఫినాయిలూ ఆగింది. ఎదురింటావిడ లిఫ్టులో కనిపిస్తే తల ఊపేది. నేనూ ఊపేదాన్ని. అలా ఒక ఏడాది పైనే గడిచింది.

అప్పుడు రెండో అంతస్తులో ఒక ఫ్లాటు ఖాళీ అయింది. ఓనరు ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటాడు. ఇల్లు చూసుకోవడానికి ఒక ముస్లిం కుటుంబం వచ్చింది. నేను ఆఫీసు నుంచి వస్తూ కింద వాళ్ళని చూశాను. భార్యాభర్తలు, ఆయన తల్లి. వన్ టౌన్‌లో వాళ్ళకి పరుపులు కుట్టే దుకాణం ఉందట. దాని పైన వాళ్ళుంటున్న పాత ఇల్లు గోడలు బీటలిచ్చి కూలగొడుతున్నారని ఇల్లు వెతుక్కుంటున్నారు. ఆ అమ్మాయికి ముప్పై ఉంటాయేమో. "ఇక్కడ నీళ్ళు బాగా వత్తాయా అక్కా?" అని అడిగింది. వస్తాయన్నాను. పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

రెండు రోజుల తర్వాత మా తలుపు కొట్టారు. ఎదురింటావిడ. చేతిలో స్టీలు గిన్నె, అందులో వేడివేడి గారెలు.

"ఎన్నాళ్ళయిందండీ మాట్లాడుకుని," అంది. "అమ్మగారి కాలు ఎలా ఉంది?"

బాగానే ఉందన్నాను. ఆవిడ లోపలికొచ్చి కూర్చుంది. సోఫాలో వెనక్కి ఆనుకునే కూర్చుంది. అమ్మాయి చదువు గురించి అడిగింది. మా కర్టెన్లు బాగున్నాయంది. ఆదివారం సెల్లార్‌లో మీటింగుంది, మీరిద్దరూ తప్పకుండా రావాలి, మనవాళ్ళమంతా ఒక మాట మీద ఉండాలి అంది. ఆ మనవాళ్ళం అన్నప్పుడు నా మోకాలి మీద చేయి వేసింది.

ఆవిడ వెళ్ళాక గారెలు తిన్నాం. బాగున్నాయి. ఒకప్పుడైతే ఈ గిన్నె కోసం నేను ఎంత ఎదురుచూశానో. అల్లం ముక్క నోటికి తగిలితే, ఇది అల్లం అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

ఆదివారం పొద్దున్న సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మేం వెళ్ళగానే ఎదురింటాయన లేచి తన కుర్చీ మా ఆయనకిచ్చి, ఇంకోటి తెచ్చుకున్నాడు. టీలు వచ్చాయి. ప్రెసిడెంటు గారు మొదలుపెట్టారు. ఎవరి మీదా మాకు ద్వేషం లేదన్నారు. ఎవరి పద్ధతులు వాళ్ళవన్నారు. ఒకరు, వాళ్ళింటికి ఎప్పుడూ జనం వస్తూ పోతూ ఉంటారన్నారు. ఇంకొకరు, వాళ్ళ వంటలు వాసన, కారిడార్ అంతా నిండిపోతుందన్నారు. పైఅంతస్తు ఆయన లిఫ్టు మాట కూడా ఎత్తాడు. నేను అన్నీ విన్నాను. నాకు తెలిసిన మాటలే. ఒక్కొక్కటీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా తెలుసు.

చివరికి ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగారు.

"ఓనరుతో మీరు మాట్లాడితే బాగుంటుందమ్మా. మేం చెబితే కులం మతం అంటాడు. మీరు చెబితే ఆ మాట రాదు."

"నేనెందుకండీ?"

"మీలాంటివాళ్ళు కూడా వద్దంటున్నారంటే అతనికి అర్థమవుతుంది కదా."

అందరూ నన్నే చూస్తున్నారు. ఎవరి మొహంలోనూ చెడు లేదు. పెళ్ళిలో పాట పాడమని అడిగినప్పుడు చూస్తారే, అలా చూస్తున్నారు. అపార్ట్‌మెంట్‌లో అడుగుపెట్టిన రోజు నుంచీ నేను ఆచితూచి, పలుకు ఎక్కడా జారకుండా మాట్లాడేదాన్ని. ఆ రోజు మా ఇంటి మాటే వచ్చేసింది.

"నాను సెప్పనండి," అన్నాను. "ఆళ్ళు వత్తే నాకేటీ ఇబ్బంది లేదు."

ఎదురింటావిడ తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"పాతవి మనసులో పెట్టుకోకండి," అంది అనునయంగా. "అమ్మగారి వాకరు విషయంలో మా వారు తొందరపడ్డారు. నేను అప్పుడే కోప్పడ్డాను కూడా. అప్పటికి మీరేంటో మాకు సరిగా తెలీదు కదండీ. ఇప్పుడు మీరు వేరు, మేం వేరు కాదు."

ఎదురింటాయన టీ కప్పులోకి చూస్తున్నాడు. సిలిండరు మోసినప్పుడు ఆ భుజం మీద చొక్కా నలిగిపోయి ఉండడం నాకు గుర్తుంది. నేను ఆయన చేతులు చూశాను. ఆ వాకరు కాలు వంచడానికి చాలా బలం కావాలి. మా ఆయన ఎంత ప్రయత్నించినా దాన్ని తిరిగి సరిచేయలేకపోయాడు. నా పక్కన మా ఆయన ఊపిరి గట్టిగా తీసుకుంటున్నాడు. నేను ఆయన మోచేయి పట్టుకున్నాను. ఆపడానికో, పడిపోకుండానో ఇప్పటికీ చెప్పలేను.

"మా అమ్మ కాలు వంకర పోయిందండి," అన్నాను ఆవిడతో.

"అయ్యో," అంది. నిజంగానే బాధపడింది. కళ్ళు చెమర్చాయి కూడా.

మేం లేచి పైకి వచ్చేశాం. ఓనరుతో ప్రెసిడెంటు గారే మాట్లాడుకున్నారు. ఆ కుటుంబం రాలేదు.

ఓ వారం తర్వాత భోజనాల వేళ ఆఫీసు నుంచి నడుచుకుంటూ వన్ టౌన్ వెళ్ళాను. దుకాణం వెతకడం కష్టం కాలేదు. దూది పోగు పక్కన ఆ అమ్మాయి దిండుకి కుట్టు వేస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టింది. ఇల్లు ఎందుకివ్వలేదో చెప్పాలని వచ్చానన్నాను. ఆ అమ్మాయి నవ్వింది.

"తెలుసక్కా. ఓనరు గారి సుట్టాలొచ్చి ఉంటారంట. ఎక్కడ అడిగినా ఆ సుట్టాలే వత్తన్నారు."

వాళ్ళాయన లోపల్నుంచి స్టూలు తెచ్చి వేశాడు. టీ తాగాను. పెద్దావిడ గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని ఉంది. గోడ మీద వేలు దూరేంత బీట ఉంది, దాంట్లో దూది కుక్కారు. కోపం రావట్లేదా అని అడిగాను ఆ అమ్మాయిని. ఆ అమ్మాయి సూది ఆపింది.

"మొదట్లో వచ్చేదక్కా. ఇప్పుడు ఫోను పెట్టేసి పనిలో పడిపోతన్నాను."

ఆ మాట విన్నప్పుడు, నాకున్నదే ఈ అమ్మాయికీ ఉందని తెలిసింది. ఊరట కలగలేదు. దూది పోగు పక్కన అలాగే కూర్చుండిపోయాను. ఆఫీసుకి ఆలస్యమైంది.

ఆ సాయంత్రం మా ఆయనకి ఇదంతా చెప్పాను. ఆయన షూ విప్పుకుంటూ విన్నాడు. అమ్మాయి అప్పటికే ఇంజినీరింగ్‌లో చేరి హాస్టల్లో ఉంటోంది. "మనం ఇక్కడ ఎందుకుండాలి?" అన్నాడు. ఆ ప్రశ్న మేం అంతకుముందు ఎప్పుడూ వేసుకోలేదు. ఇల్లు కొన్నాం కాబట్టి ఉన్నాం.

పేటలో తమ్ముడింటికి దగ్గర్లో కింద వాటా ఒకటి ఖాళీగా ఉంటే అద్దెకి తీసుకున్నాం. అమ్మ మెట్లెక్కే పని లేకుండా మా దగ్గరికి వచ్చేసింది. మా ఫ్లాటు ఆ దుకాణం వాళ్ళకి అద్దెకిచ్చాం. ఎవరి మీదో కక్ష తీర్చుకున్నామని మా ఆఫీసులో కొందరు మెచ్చుకున్నారు. అలాంటిదేమీ లేదు. మాకు వెళ్ళిపోవాలనిపించింది, వాళ్ళకి ఇల్లు కావాలి. తాళాలు ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయితో జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఇక్కడ ఇలా ఉంటుంది, ఆలోచించుకోండి అన్నాను. గోడ మీద పడకపోతే చాలక్కా అంది.

ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. "మీరిలా చేస్తారనుకోలేదమ్మా," అన్నారు. నొచ్చుకున్న గొంతు. ఏం చేశానండీ అని అడిగాను. ఉంటానమ్మా అని పెట్టేశారు. కొన్నాళ్ళు గ్రూపులో మెసేజిలు నడిచాయి, తర్వాత నన్ను అందులోంచి తీసేశారు. నీళ్ళు ఆపడం, కరెంటు పీకడం లాంటివేవీ జరగలేదు. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనలేదట. పండక్కి సేమ్యా పాయసం ఇస్తే కొందరు తీసుకున్నారట, కొందరు షుగరుందన్నారట. ఎదురింటావిడ పాత పరుపు ఒకటి దూది మార్పించుకుంది. బాగా కుట్టారని మెచ్చుకుందట.

ఆ మధ్య ఏదో కాగితం పని మీద నేను అక్కడికి వెళ్ళాను. ఆ అమ్మాయి కూరల సంచితో మెట్లెక్కుతూ కనిపించింది. లిఫ్టు పని చేస్తోంది. మెట్లెందుకు అని అడిగాను. "ఒంటికి మంచిది కదక్కా," అంది. నేను కూడా తనతో మెట్లెక్కాను. మధ్యలో సంచి ఒక చెవి నేను పట్టుకున్నాను.

పేటలో మమ్మల్ని ఎవరూ సొంతూరేదని అడగలేదు. ఎండుచేపలు మేడ మీద ఆరేస్తాం, సముద్రపు గాలికి ఇల్లంతా ఉప్పు చేరుతుంది. అరచేతులు వాసన చూసుకోవడం మాత్రం ఇంకా పోలేదు. ఇక్కడ సుఖంగా ఉండాలి కదా అనుకుంటాను. ఉన్నానేమో.

ఒక ఆదివారం తమ్ముడు భోజనానికొచ్చాడు. వాడు బోటు ఇంజన్ల మెకానిక్. అమ్మ పడిపోయిన రోజు బురదలోంచి చేతుల మీద ఎత్తుకుని ఆటో దాకా పరిగెత్తినవాడు. అమ్మ కానాగంత చేపల పులుసు పెట్టింది. తింటూ తింటూ, "ఏటక్కా, ఇల్లు సాయిబులకిచ్చేసేవంట?" అన్నాడు. "మనోళ్ళెవరూ దొరకనేదేటి?"

నేను కంచంలోంచి తలెత్తి వాణ్ణి చూశాను. నాకు కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూశాను.

"ఆళ్ళు అడిగినారు, ఇచ్చేను," అన్నాను.

"రేపు కాళీ సెయ్యమంటే సేత్తారా? ఆళ్ళ సంగతి నీకు తెల్దు."

"నీకేటి తెలుసురా?" అన్నాడు మా ఆయన, గొంతు పెంచకుండా.

"అందరూ అంతారు కదా బావా."

అమ్మ వాడి కంచంలో ఇంకో ముక్క వేసింది. "ముల్లుంతాది, సూసుకుని తిను," అంది. వాడు తలొంచుకుని తిన్నాడు.

చేయి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ, ఆ ఇంట్లో గీజరు పాడయిందన్నావు కదా, బాగు సేయించేవా అని అడిగాడు. లేదన్నాను. సరే నాను సూత్తాన్లే అన్నాడు. తర్వాతి ఆదివారం పానాలు సంచిలో వేసుకుని వెళ్ళి, సాయంత్రం చీకటి పడుతుండగా వచ్చాడు. బాగైందా అన్నాను. అయిందన్నాడు. వాళ్ళు బిర్యానీ పెట్టారట, తిన్నాడట. పెద్దావిడ వాడి చేయి పట్టుకుని ఏదో దీవించిందట, ఆ మాటలు వాడికి అర్థం కాలేదట.

"మంచోళ్ళేనక్కా," అన్నాడు. చెప్పులు తొడుక్కుంటూ కాస్త ఆగి, "గానీ," అన్నాడు.

ఆ తర్వాత ఏమంటాడోనని చూశాను. వాడికీ దొరకలేదనుకుంటాను. ఎల్తానక్కా అని వెళ్ళిపోయాడు. పెందలాడే వేలానికి లేవాలి, లైటు ఆపేయమంది అమ్మ.